సుగ్గికి పోయిన పేరు

ప్రసన్నకుమారిది బదులు ఉద్యోగం. ఏ టీచరుకు కాలు విరిగినా, ఏ టీచరమ్మకు కాన్పు వచ్చినా ఆ బడికి ఆమెను తోలుతారు. కుర్చీ ఒకరిది, పాఠం సగంలో ఇంకొకరిది. పేరు తెలుసుకునేలోపే వెళ్లిపోయే మనిషి కదా అని, ఎక్కడికెళ్లినా పిల్లలు ఆమెను 'బదులు మేడం' అనేవాళ్లు. కొత్త మేడమంటే వాళ్లకు పండగే. కుర్చీకి దురదగొండి రుద్దడం, ఒకడి పేరుకు ఇంకొకడు పలకడం, అన్నీ చూసేసింది. అందుకే కోసిగి అవతలి పల్లెలో జ్ఞానరాజు సారు బండి మీది నుంచి పడి కాలు విరగ్గొట్టుకుంటే, ఆయన బదులు మూడు నెలలకని వచ్చినప్పుడు ఆమెకు బెదురేమీ లేదు.

ఊళ్లో సగం ఇళ్లకు తాళాలున్నాయి. వానలు మొహం చాటేసిన ఏడు. జనం పిల్లాపాపలతో మిరపకాయలు కోయడానికి గుంటూరు దిక్కుకు వెళ్లిపోయారు. అలా పోవడాన్నే అక్కడ సుగ్గికి పోవడమంటారు.

మొదటి రోజు హాజరు పట్టీ తెరిచి పేర్లు పిలిచింది. ఉన్న పిల్లలు "ఉండా మేడం" అన్నారు. లేని పేరు వచ్చినప్పుడల్లా పక్కన కూర్చునే పిల్లో పిల్లాడో లేచి, "సుగ్గికి పోయినాడు మేడం, వస్తాడు" అని చెప్పి కూర్చున్నారు. జ్ఞానరాజు సారు పెట్టిన పద్ధతట. పోయినాడు అని ఊరుకుంటే సారు ఒప్పుకోడట, వస్తాడు అని కూడా అనాల్సిందే.

"యశోద," అని పిలిచింది.

ఎవరూ లేవలేదు. చివరి వరుసలో కిటికీ దగ్గర నుంచి "ఉండా మేడం" అని సన్నని గొంతు వచ్చింది. తలెత్తకుండానే గుర్తు పెట్టేసి, ఇరవై మంది అని వంట చేసే గంగక్కకు చీటీ పంపింది.

మధ్యాహ్నం ఒక కోడిగుడ్డు మిగిలింది. ప్రసన్నకుమారి తలలు లెక్కపెట్టింది. పంతొమ్మిది.

"నాతోనే పరాచికాలా? యశోద పేరుకు పలికిందెవరు?" అని గద్దించింది.

రత్నమణి అనే నాలుగో తరగతి పిల్ల మెల్లగా లేచింది. "మేం కాదు మేడం. యశోదే పలుకుతాది. సుగ్గికి పోయినాది గానీ, సంక్రాంతి దాటినప్పట్నుంచీ ఈడ పలుకుతాండాది. సారు పిలిచినప్పుడు గూడా పలుకుతాండె."

"నోర్ముయ్," అంది ప్రసన్నకుమారి.

మర్నాడు ఆమె పట్టీ చేత్తో పట్టుకుని ఆ కిటికీ పక్కనే నిలబడి పిలిచింది. పిల్లలందరి నోళ్లూ మూసి ఉన్నాయి. ఖాళీ చాప మీద నుంచి, ఆమె మోకాలి ఎత్తులో, "ఉండా మేడం" అని వినిపించింది. యేసయ్యా, అనుకుంటూ వచ్చి కుర్చీలో కూలబడింది. చర్చికి పోయే మనిషివి, నీకు దయ్యాల భయమేంటమ్మా అని అడగొచ్చు. ఆ చాప పక్కన నిలబడి ఆ గొంతు వింటే అప్పుడు తెలుస్తుంది.

పది రోజులు పళ్లు బిగబట్టి పిలిచింది. పదకొండో రోజు హెడ్మాస్టరు శివన్న వచ్చి, "తనిఖీకి వస్తాండారమ్మా, నెల దాటి రానోళ్ల పేర్లు కొట్టేయి" అన్నాడు. నెత్తిన పాలు పోసినట్టయింది ఆమెకు. మిగతావి తర్వాత చూసుకోవచ్చని, మొదట యశోద పేరు మీద ఎర్రగీత లాగింది.

మరుసటి రోజు ఆ పేరు వదిలేసి కిందిది పిలిచింది. పిల్లలు పాఠం వినలేదు. వెనక్కి తిరిగి ఆ చాప వంకే చూస్తూ కూర్చున్నారు.

పదకొండు గంటలకు ఫోన్ మోగింది.

"మేడమా? నేను రామేశ్వరమ్మని, యశోద వాళ్లమ్మని. జ్ఞానరాజు సారు మీ నంబరిచ్చినాడు. ఈ పొద్దు మీరు హాజరు పిలవలేదా మేడం?"

"ఎందుకమ్మా?" అంది.

"ఈడ గుంటూరు పెద్దాస్పత్రిలో ఉండాం. సంక్రాంతి కాడ జ్వరమొచ్చి పాపకు తెలివి తప్పింది. కండ్లు తెరవదు. నేను చెవికాడ అరిచినా ఉలకదు. దినామూ బడి టయానికి మాత్రం 'ఉండా' అంటాది మేడం. పలుకుతాండాది కాబట్టి ఆశ ఉండాదని డాక్టరు చెప్పినాడు. ఈ పొద్దు అనల్యా. పొద్దున్నుంచీ ఊపిరి శానా చిన్నగైపోయింది."

ప్రసన్నకుమారి ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని తరగతిలోకి పరుగెత్తింది. పట్టీ తెరిచి, ఎర్రగీత కింద పేరు వేలితో తడుముతూ పిలిచింది. పలుకు లేదు. మళ్లీ పిలిచింది. లేదు. పిల్లలంతా లేచి నిలబడ్డారు. మూడోసారి ఆమె పిలవలేదు, ఏడ్చింది. ఆ ఏడుపులోనే పేరు బయటికొచ్చింది.

"ఉండా మేడం."

చాప మీద నుంచి ఆ మాట రాగానే ఫోన్‌లో రామేశ్వరమ్మ "పలికింది, నా తల్లి పలికింది" అని గొల్లుమంది.

ఆ రోజే పట్టీ చివర యశోద పేరు మళ్లీ రాసింది. శివన్న కసురుకుంటే, "నా ఉద్యోగం తీసేయండి సార్, పేరు మాత్రం తీయను" అంది. ఆదివారం కూడా బడి తాళం తీయించి, ఖాళీ గదిలో ఒక్క పేరు పిలిచి, జవాబు విన్నాకే చర్చికి వెళ్లేది. భయం పోలేదు. ఆ గొంతు వినిపించినప్పుడల్లా చేతి మీద వెంట్రుకలు లేచేవి. వినిపించకపోతే ఏమవుతుందోనన్న భయం మాత్రం దానికంటే పెద్దదైపోయింది.

ఇంతలో కాలు కుదరని జ్ఞానరాజు సారు కర్నూలుకు బదిలీ చేయించుకున్నాడు. ఆ స్థానంలోకి రంగనాథ్ అనే కుర్రసారు పర్మనెంటుగా వచ్చాడు. బదులు మేడంకు అక్కడ పనైపోయింది.

"సార్, ఒక్క పేరు రోజూ నోటితో పిలవండి," అని బతిమాలి సంగతంతా చెప్పింది.

రంగనాథ్ నవ్వాడు. "పేర్లు పిలిచే కాలమా మేడం ఇది? ఫోన్‌తో మొహాలు ఫొటో తీస్తే హాజరు అదే పడుతుంది. మొహం లేని పేరుకు నేనేం చేసేది?"

తెల్లారితే ఆమె రాజంపేట దగ్గరి బడిలో ఉండాలి. రాత్రంతా బస్సులో కన్ను మూయలేదు. ఊరు మారింది, బడి మారింది, పట్టీ మారింది. ఆ పిల్ల తనను వెతుక్కుంటూ ఇంత దూరం రాగలదా?

కొత్త తరగతిలో ముప్పై నాలుగు పేర్లూ పిలవడం అయిపోయింది. పిల్లలు పుస్తకాలు తీస్తున్నారు. ఆమె మాత్రం కలం మూత పెట్టలేదు.

"యశోద," అంది.

పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరో కిసుక్కున నవ్వారు. రెండోసారి పిలిచింది. గోడ గడియారం చప్పుడు తప్ప ఏమీ లేదు. బల్ల అంచు గట్టిగా పట్టుకుని మూడోసారి పిలిచింది.

చివరి వరుసలో కిటికీ పక్కన, ఎవరూ కూర్చోని చోటు నుంచి, పరుగెత్తుకొచ్చిన పిల్ల రొప్పుతూ పలికినట్టు వినిపించింది.

"ఉండా మేడం."

నవ్వులు ఆగిపోయాయి. ముందు వరుసలో పిల్ల బిక్కమొహంతో వెనక్కి తిరిగి చూసి, "ఆ పలికిందెవరు మేడం? ఆడ ఎవురూ లేరు కదా?" అని అడిగింది.

ప్రసన్నకుమారి కొత్త పట్టీలో ముప్పై అయిదో పేరు రాసి, పక్కన గుర్తు పెట్టింది. తర్వాత కళ్లు తుడుచుకుంది.

"సుగ్గికి పోయినాది," అంది. "వస్తాది."