నీళ్ల కింది ఊరు, నీళ్లపాలైన ఊరు

అశోక్‌నగర్‌లోని సర్కారు కొలువుల కోచింగ్ పిల్లలుండే ఆ హాస్టల్ గదిలో పొద్దున్నే ఒకే ఫోన్ మీద రెండు తలలు వంగి ఉన్నాయి. ఒక ముఖం వెలుగుతోంది, రెండోది వాడిపోతోంది. చూస్తున్న వీడియో మాత్రం ఒకటే. మొన్నటి వానకు తెగిన ఆనకట్ట.

జ్యోత్స్నది ఎగువ ఊరు. తను పుట్టకముందే అది ఆ ఆనకట్ట నీళ్లలో మునిగింది. నాయనమ్మ కిష్టమ్మ నోట విన్న ఆ ఊళ్లో జ్యోత్స్న కలలో ఎన్నోసార్లు తిరిగింది. వీధుల్లో పచ్చని నీళ్లు, గోడ గూళ్లలో దీపాలకు బదులు మెరిసే చేపలు. ఇప్పుడు నీళ్లు పోయి, బురదలోంచి మొండిగోడలు, అరుగులు, ఒక రాతి గడప బయటపడ్డాయి.

"గదిగో, నాయినమ్మ చెప్పిన మా గడపనే స్వరూపా! మా ఊరు లేచిందే!" అని చప్పట్లు కొట్టింది.

స్వరూపది దిగువ ఊరు. ఆమె మంచం కింది బ్యాగు లాగి, బట్టలు, పుస్తకాలు కుక్కసాగింది.

"ఏడికే?"

"ఇంటికి. బర్రెలు కొట్కపోయినయి. మడిల నడుమెత్తు ఇసుక మేట. బాయి నిండ బురద. సదువు బంద్ జేసి రమ్మన్నడు బాపు. నీకేంది, పండుగ జేస్కో! మా ఊరు పోతెనే గద మీ ఊరు లేచింది."

"గట్ల కాదే..."

"ఆనకట్టలు తెగితే వచ్చే నష్టాల మీద వ్యాసం రాయమన్నడు గద కోచింగ్‌ల ఉమాకాంత్ సారు. పర్యావరణం, సమాజం, ఆర్థికం అని మూడు హెడ్డింగులు. మా బాపు ఏడుపు ఏ హెడ్డింగుల రాయాలె? నువ్వే చెప్పు!"

రెండేళ్లు ఒకే పచ్చడి సీసా పంచుకున్న స్నేహం ఒక్క చప్పట్ల చప్పుడుకు బీటలు వారింది. అంతలో ఫోన్ మోగింది. కిష్టమ్మ.

"నాయినమ్మా, ఇల్లు చూసినవా?"

"చూసిన బిడ్డా. గడప కడిగిన. దాని మీద కూసున్న. ఇగ ఏడుపు ఆగుతలేదు. కింది ఊరి పిల్ల నీ దోస్తు గద, ఆమెకియ్యి ఫోను."

స్వరూప అయిష్టంగానే అందుకుంది.

"పొలం ఎట్లున్నది బిడ్డా?"

"ఇసుకనే అవ్వా. అంత ఇసుకనే. సదువు బంద్ జేసి పోతున్న."



"మమ్ముల ఊర్లకెళ్లి లేపిన నాడు సార్లు ఏమన్నరంటే, 'నీ ఇల్లు మునిగితే కింద వందల ఇండ్లు బువ్వ తింటయమ్మా' అన్నరు. గా ఒక్క మాట పట్కొనే బతికిన. బస్సులకెళ్లి మీ వరి పచ్చగ కనబడితే, గదే నా ఇల్లనుకునేదాన్ని. గేట్లకు జర గ్రీజు పెట్టనీకి ఎవ్వనికీ చేతగాలె. అవి లేవకపాయె, కట్ట తెగె. ఇగ ఈ గడప నాకెందుకు? మేం మునిగింది దండుగైపాయె గదనే!"

స్వరూప మంచం అంచున కూలబడింది. తమ మడిలోని వరి వేళ్లు నేల అడుగున పాకి పాకి, నీళ్ల కింద ఎవరిదో గడపను పట్టుకుని ఉన్నట్టు ఆమె కళ్లకు కట్టింది.

"సదువు బంద్ వెట్టకు బిడ్డా. గా గేట్లు చూసే కుర్సీల మీ అసుంటోళ్లు కూసోవాలె."

జ్యోత్స్న తన బ్యాగు తీసింది. "నేను గూడ వస్త. ఇసుక ఎత్తనీకి."

"గంప మోసుడు వస్తదా నీకు?"

"నేర్సుకుంట. మల్ల ఇద్దరం కలిసే వాపస్ వస్తం."

స్వరూప కళ్లు తుడుచుకుని, పుస్తకాలు తీసి తిరిగి బల్ల మీద పెట్టింది.

చదువరులారా, ఆనకట్ట తెగినప్పుడు నష్టం కొట్టుకుపోయిన ఊరితో తీరదు. ఆ ఊరి బువ్వ కోసం ఏనాడో మునిగిన ఊరు, ఆ రోజు రెండోసారి మునుగుతుంది.