దూరం: సున్నా

పదో రోజు పుస్తకంలో అతను ఇలా రాశాడు: "గాలి ఈశాన్యం నుంచి, ఓ మోస్తరు. మబ్బు లేదు. ప్రయాణించిన దూరం: సున్నా." కలానికి మూత పెట్టి, పుస్తకాన్ని సొరుగులో సర్ది, పైకి వెళ్ళే మూడు మెట్లూ ఎక్కి, "జాగ్రత్త, తలుపు తీస్తున్నా," అన్నాడు. పైన కూచుని బంగాళాదుంపల చెక్కు తీస్తున్న భార్య తలెత్తకుండానే కాళ్ళు పక్కకి జరుపుకుంది.

పడవ నాలుగు మోకులతో జెట్టీకి కట్టి ఉంది. పది రోజులుగా జానెడు కదిలితే ఒట్టు. అయినా ఇద్దరూ మూడు గంటలకొకసారి కాపలా మారుతున్నారు, తాగే నీళ్ళు గ్లాసులతో కొలుచుకుంటున్నారు, ఒకరు నడుం వాలిస్తే ఒకరు చుక్కాని దగ్గర కూచుని ఎదురుగా ఉన్న సిమెంటు గోడని జాగ్రత్తగా చూస్తున్నారు. మూరెడు దూరంలో ఒడ్డు ఉంది.

అతను ముప్పై రెండేళ్ళు పదకొండంతస్తుల ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపాడు. పొడుగ్గా, బక్కగా ఉంటాడు. మీట తిప్పీ తిప్పీ ఎడమ భుజం కుడిదానికంటే కాస్త కిందికి దిగిపోయింది. తలుపు తీసే ముందు చెప్పడం, చెప్పాక వీపు గోడకానించి చేతులు వెనక్కి కట్టుకోవడం ఎంత వద్దనుకున్నా పోని అలవాట్లు. చివరికి భవనంలో బొత్తాల లిఫ్టు పెట్టారు. ఎవరైనా నొక్కగల బొత్తాన్ని ఆరు నెలలపాటు ఇతని చేత నొక్కించి, ఒక గొడుగు చేతిలో పెట్టి సాగనంపారు. రేవులో అందరికీ అతను లిఫ్టాయనే. బతుకంతా పైకీ కిందకీ తప్ప పక్కకి వెళ్ళింది లేదని తనమీద తనే నవ్వుకుంటాడు. పాత చెక్క కింద అమ్ముడవబోతున్న ఈ పడవని కొని, పదకొండేళ్ళ ఆదివారాలన్నీ దానికే ధారపోశాడు. అది మొదటిసారి పక్కకి కదిలిన రోజున మాత్రం చుక్కాని పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

భార్య అక్క పెళ్ళి చేసుకుని సముద్రానికి అవతలి తీరానికి వెళ్ళి ఇరవయ్యారేళ్ళయింది. తెరచాపలతో అయితే ముప్పై ఎనిమిది రోజుల దారి. గాలి మళ్ళీ ఇటు తిరగాలంటే పై ఏడాది చివరిదాకా ఆగాలి. అంటే వెళ్తే పద్నాలుగు నెలలు ఉండి తీరాల్సిందే.

"చుట్టాలింట్లో పద్నాలుగు నెలలు తిష్ఠ వేసేవాళ్ళు ఎక్కడైనా ఉంటారా?" అని భార్య అడిగింది.

"మన ఇల్లు మనతోనే వస్తుందిగా. మీ అక్కావాళ్ళ వాకిట్లో లంగరేసుకుందాం," అన్నాడు.

వదిన కూడా ఉత్తరంలో దాదాపు అదే రాసింది. ఇల్లు మీరు తెచ్చుకోండి, భోజనానికి మాత్రం పిలిచినప్పుడే రండి అని. ఆ ఉత్తరం చదివి భార్య రెండు రోజులు నవ్వింది. మూడో రోజు మొగుడి ముందు కూచుని, "సముద్రమంటే నాకు భయం లేదు. మీరంటేనే భయం," అంది.

అందులో అబద్ధం లేదు. లిఫ్టులో ముప్పై రెండేళ్ళు నోరు మూసుకున్నదంతా అతను ఇంట్లో తీర్చుకున్నాడు. తువ్వాలు దొరక్కపోయినా అరుపే, కూరలో ఉప్పు ఎక్కువైనా అరుపే. అరిచాక అరగంటకి పిల్లిలా వంటింటి గుమ్మంలో నిలబడతాడు, అది వేరే సంగతి. నడిసముద్రంలో ఆవిడకి అలిగి వెళ్ళడానికి వేరే గది కూడా ఉండదు.

అందుకే ఈ పరీక్ష పెట్టింది. పది రోజులు పడవలోనే ఉండాలి. జెట్టీ మీద కాలు పెట్టకూడదు, ఎవరినీ ఏమీ అడక్కూడదు, గొంతు పెంచకూడదు. ఇద్దరిలో ఎవరు తప్పినా పడవ అమ్మేసి, విమానం ఎక్కి, పదిహేను రోజులకి చుట్టపుచూపుగా వెళ్ళి రావడమే. దారిలో ఎలాగూ మోగవని ఫోన్లు రెండూ రేవు కాపలాదారు గదిలో ఇచ్చేశారు. గడువు ఈ రోజు పొద్దుగూకే దాకా. పొద్దున లేచిన దగ్గర్నుంచీ అతను సంతోషం పట్టలేకపోతున్నాడు. పాట అందుకోబోయి, పాటకి కూడా గొంతు పెరుగుతుందేమోనని మానుకున్నాడు.

పక్క పడవ పళ్ళ డాక్టరమ్మది. డెబ్బై దాటిన ఒంటరి మనిషి, ఆ తీరానికి రెండుసార్లు వెళ్ళొచ్చింది. చుక్కని చూసి దారి పట్టడం దగ్గర్నుంచి, గుడ్లకి నూనె రాసి నిలవ చెయ్యడం దాకా అతనికి అన్నీ ఆవిడే నేర్పింది. సంచీ పట్టుకుని బజారుకి బయల్దేరుతూ వీళ్ళ పడవ ముందు ఆగింది.

"ఏం లిఫ్టాయనా, ఎన్నో అంతస్తు దాకా వచ్చారు?"

"పదోదండీ. పొద్దుగూకితే దిగడమే."

"దిగేటప్పుడు తల జాగ్రత్త," అని ఆవిడ వెళ్ళిపోయింది.

భోజనాలయ్యాక గాలి పెరిగింది. తెరచాపల తాళ్ళు స్తంభాలకి కొట్టుకుని రేవంతా టకటకలాడింది. అతను తన మోకులు నాలుగూ చూసుకుని వచ్చేసరికి, డాక్టరమ్మ పడవ ముందువైపు మోకు అరిగిన చోట పుటుక్కున తెగింది. పడవ ముక్కు మెల్లగా జెట్టీని వదిలి బయటికి తిరిగింది. ఇక వెనక మోకు ఒక్కటే ఆధారం. అదీ తెగితే పడవ వెళ్ళి రాతిగోడకి కొట్టుకోవడం ఖాయం.

జెట్టీ మీద నరపురుగు లేదు. కాపలాదారు గదికి తాళం వేసి ఉంది. పిలవాలంటే అరవాలి, ఆపాలంటే దిగాలి. అతను భార్య వంక చూశాడు. ఆవిడ గిన్నె తోముతూ ఆగి, అతని వంకే చూస్తోంది. పదకొండేళ్ళ ఆదివారాలు, ఇంకో నాలుగు గంటల పగలు. వాకిట్లో లంగరు, పద్నాలుగు నెలలు. అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి.

"నేను దిగుతున్నా," అని మామూలు గొంతుతోనే చెప్పి జెట్టీ మీదకి దూకాడు.

నీళ్ళలోకి దిగే మెట్లమీదుగా ఛాతీ లోతు దాకా వెళ్ళి, తేలుతున్న మోకు కొస అందుకున్నాడు. మీట తిప్పిన ఎడమ చెయ్యి ఇన్నాళ్ళకి అక్కరకొచ్చింది. ఒక్కో అడుగే వెనక్కి వేస్తూ, పళ్ళబిగువున లాగి, ఇనుప గుంజకి మూడు చుట్లు వేసి బిగించాడు. పడవ ముక్కు బుద్ధిగా జెట్టీకి వచ్చి ఆనుకుంది.

తరవాత తన పడవ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఎక్కలేదు. ఒంటినుంచి నీళ్ళు కారుతున్నాయి. చేతులు వాటంతటవే వెనక్కి వెళ్ళి కట్టుకున్నాయి. చేసిన పనికి మాత్రం చింత లేదు.

"అయిపోయింది," అన్నాడు. "విమానానికే వెళ్దాం. మీ అక్కని చూడ్డమేగా కావాల్సింది."

భార్య పొట్టి మనిషి. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట ఇరవై ఏడేళ్ళు పనిచేసిన ఆవిడ చేతివేళ్ళు ఎప్పుడూ నీళ్ళలో నానినట్టే ఉంటాయి. ఆ చేతులు కొంగుకి తుడుచుకుని, పడవ అంచు దాటి, జెట్టీ మీదకి దిగి అతని పక్కన నిలబడింది.

"నువ్వెందుకు దిగావు?" అన్నాడు తెల్లబోయి.

"నేను మూడో రోజే దిగాను. మీరు మధ్యాహ్నం పడుకున్నప్పుడు. కాపలాదారు గదిలోకి వెళ్ళి అక్కకి ఫోను చేశాను, వస్తున్నాం అని."

అతను వెనక్కి కట్టుకున్న చేతులు విప్పాడు.

"ఆ పొద్దున కూర బొగ్గు చేశాను, గుర్తుందా? మీరు మెదలకుండా తిన్నారు. లోపల ఎంత తిట్టుకున్నారోనని మీ పుస్తకం తీసి చూశాను. 'దూరం: సున్నా. భోజనం: బాగుంది' అని ఉంది. ఇక నాకు పరీక్షలెందుకు?"

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"పది రోజులు గొంతు పెంచకుండా మీరెప్పుడున్నారు గనక? చేతికొచ్చిన ఏడు రోజులు ఎవరు వదులుకుంటారు?"

అతను నవ్వడం మొదలుపెట్టాడు. రేవంతా వినపడేలా, పదకొండంతస్తులూ వినపడేలా నవ్వాడు. ఆవిడ కూడా నవ్వుతూనే అతని తడి చొక్కా విప్పించి, గట్టిగా పిండి, జెట్టీ కటకటాల మీద ఆరేసింది. పాత ఖాకీ చొక్కా, జేబు మీద భవనం పేరు సగం చెరిగిపోయి ఉంది. బజారునుంచి వచ్చిన డాక్టరమ్మ తన పడవనీ, కొత్త ముడినీ, చొక్కా లేని లిఫ్టాయననీ చూసి సంచీ కింద పెట్టేసింది. విషయం విని, "ఆ ఫోను సంగతి రేవులో అందరికీ తెలుసు," అంది.

మర్నాడంతా సామాన్లు నింపుకోవడంలో గడిచింది. ఆ పై రోజు ఎండ పొడ వస్తుండగా, ఆటు మొదలై నీళ్ళు వెనక్కి తీయగానే, డాక్టరమ్మ నాలుగు మోకులూ విప్పి పడవలోకి విసిరింది. "జాగ్రత్త, బయల్దేరుతున్నాం," అని అతను అన్నది ఆవిడకి వినపడింది. గోడ మలుపు దాటాక తెరచాప ఒక్కటే కాసేపు కనిపించి, తరవాత అదీ కనిపించలేదు.

ఇద్దరిలో ఎవరికీ గుర్తురాని ఖాకీ చొక్కా కటకటాల మీదే ఉండిపోయింది, ఉప్పునీళ్ళకి అట్టలా బిరుసెక్కి, చేతులు రెండూ బార్లా చాపుకుని.