నడిమి బిళ్ళ మీది బొట్టు

బసవపున్నారావు ఈ ఏడు తోటని పూత మీదే గుత్తకిచ్చేశాడని తెలిసి ముసునూరులో ముక్కున వేలేసుకోనివాళ్ళు లేరు. చిన్నరసాల మామిడితోటని కన్నబిడ్డలకన్నా ఎక్కువగా కాపలా కాసిన మనిషాయన. పూతకి మంచు పడుతుందని బెంగ, పిందెకి గాలి తగులుతుందని బెంగ, కాయకి కోతులొస్తాయని బెంగ. కాయ దింపాక కాస్త ఊపిరి పీల్చుకుందామంటే దుక్కులు, ఆ వెనకే వరినాట్లు. ఆయన తీరిగ్గా కూర్చోగా చూసినవాడు ఊళ్ళో లేడు.

అలాంటి మనిషికి ఇప్పుడు తీరిక కావలసింది ప్రయాణానికి. ఎక్కడికన్నదే తేలాలి.

దానికి ఆధారం ఆయన ఒళ్ళోనే ఉంది. తాతల నాటి నల్లటి చేవకర్ర పెట్టె, జానెడు పొడుగు. మూత మీద కోడిగుడ్డు ఆకారంలో నాలుగు దంతపు బిళ్ళలు, వాటి మీద వెంట్రుకంత సన్నటి కుంచెతో వేసిన కట్టడాల బొమ్మలు. చుట్టూ మూడు చిన్నవి, నడుమ ఒకటి పెద్దది. ఆయన భార్య తులసమ్మ దాన్ని కుంకుమ పెట్టెగా వాడుకుంది. కాపురానికొచ్చిన కొత్తలోనే నడిమి బొమ్మ మీద వేలు పెట్టి, "ఇదెక్కడుందో కనుక్కోండి. ఎప్పటికైనా ఇది చూడాలి నేను" అంది. కాయ దింపాక చూద్దామన్నాడు. ఏటా ఆవిడ అడగడం, ఏటా ఈయన అదే మాట అనడం. పోయిన కార్తీకంలో తులసమ్మ కన్నుమూసింది. ఆలస్యం అమృతం విషం అని పెద్దలు ఊరికే అనలేదు. ఆ ఒక్క చోటికీ వెళ్ళి, ఆవిడని తలుచుకుని రాకపోతే తనకిక అన్నం సయించదని ఆయనకి అర్థమైపోయింది.

అందుకే సెలవులకొచ్చిన మనవరాలు రోజాని పిలిచి పెట్టె చేతికిచ్చాడు. కొడుకు కూతురు, విజయవాడలో డిగ్రీ చదువుతోంది. ఆ పిల్ల ఒక్కో బొమ్మకీ ఫోన్‌తో ఫొటో తీసి, వెతికి, పోల్చి చూసింది.

"తాజ్‌మహల్ నీకూ తెలుసుగా తాతయ్యా. ఈ పొడుగ్గా ఉన్నది కుతుబ్ మీనార్. ఇదేమో ఢిల్లీ జామా మసీదు, ఈ మెట్లు చూడు."

"మీ నాయనమ్మ వీటికి శుక్రవారం శుక్రవారం బొట్లు పెట్టేది" అన్నాడాయన. "తాజ్‌మహల్ సమాధే, గుడి కాదంటే, అయితేనేం, లోపలున్నది ఎవరో పెద్దవాళ్ళేగా అనేది."

చిన్న బొమ్మలకి అంచున ఆవగింజంత బొట్లే. నడిమి బొమ్మ మీద మాత్రం తులసమ్మ భక్తంతా గుమ్మరించింది. నూనెతో తడిపిన కుంకుమ, పాత బొట్టు మీద కొత్త బొట్టు. అది ఏళ్ళ తరబడి పేరుకుని రూపాయి బిళ్ళంతై గట్టిపడిపోయింది. పక్కన కాస్త గోడ, ఒక చెట్టు కొస తప్ప ఏమీ కనబడవు. ఫోన్ దాన్ని ఒకసారి కోట అంది, ఇంకోసారి లడ్డూ అంది.

"తుడవాలి తాతయ్యా."

ఆయన పెట్టెని గబుక్కున ఒళ్ళోకి లాక్కున్నాడు. పైపొర తులసమ్మ పోయే ముందటి శుక్రవారం నాటిది. లేవలేక, మంచం మీదికే పెట్టె తెప్పించుకుని పెట్టింది. ఆవిడ చీరలు ఎవరెవరికో పంచేశారు. పచ్చడి జాడీలు ఖాళీ అయ్యాయి.

"ఇది తుడిస్తే మీ నాయనమ్మ చేత్తో చేసిందంటూ ఇంట్లో ఇంకేం మిగలదే."

రోజా మెల్లగా, "తుడవకపోతే ఎక్కడికెళ్తావు?" అంది.

ఆయన పెట్టెని ఒళ్ళోంచి తీసి ముందు పెట్టుకున్నాడు. కొబ్బరినూనె తెమ్మన్నాడు. మెత్తబడిన కుంకుమని ఉంగరం వేలితో తీసి ముందు తన నుదుట పెట్టుకున్నాడు, తర్వాత రోజాకి పెట్టాడు. అప్పుడు కండువా కొసతో, చంటిపిల్ల మొహం తుడిచినట్టు తుడిచాడు. పొర కింద పొర ఊడొచ్చింది.

అడుగున తెల్లటి దంతం తప్ప ఏమీ లేదు. ఒక్క గీత కూడా మిగల్లేదు. నలభై ఏళ్ళ నూనె, వేలి రాపిడి బొమ్మని ఎప్పుడో తినేశాయి. అంటే తులసమ్మ కూడా ఇన్నేళ్ళూ కనబడని బొమ్మకే దణ్ణం పెట్టుకుందన్నమాట.

రోజా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నేనే తుడవమన్నాను."

"నువ్వేం చేశావే. అది పోయి ఎన్నేళ్ళయిందో."

"గుర్తు తెచ్చుకో తాతయ్యా. గుమ్మటమా, మీనారా? ఎరుపా, తెలుపా?"

ఆయన కళ్ళు మూసుకున్నాడు. తులసమ్మ వేలు కనిపించింది. గోరు పక్కన మామిడి సొన కాల్చిన మచ్చతో సహా కనిపించింది. ఆ వేలి కింద ఏముందో మాత్రం ఎంతకీ కనిపించలేదు. అన్నేళ్ళు చూపించిన మనిషి, ఒక్కసారైనా వంగి చూడని తను. ఆయన ఇప్పుడు ఆ ఖాళీ బిళ్ళ మీదికి వంగాడు.

"మిగతా మూడూ అటువైపువే. ఇదీ ఢిల్లీలోనో ఆగ్రాలోనో ఉండాలి" అంది రోజా.

"అక్కడ ఇలాంటివి ఎన్నుంటాయే?"

"వందలుంటాయి తాతయ్యా. వాటిలో నాయనమ్మది ఏదో ఎలా తెలుస్తుంది?"

"తెలీదు" అన్నాడాయన. "అందుకే ఒక్కటి కూడా వదలకుండా చూడాలి."