విన్నదే చెప్పాను

నేను ఒక పెట్టెను. గర్భిణి పొట్ట మీద నా బిళ్లను ఆనించి పట్టీ కడితే, లోపలి బిడ్డ గుండె చప్పుడు వినిపిస్తాను. దాని వేగాన్ని కాగితం మీద గీతగా గీస్తాను. మాటలు రాని ఆ గీతకు మనుషులే అర్థాలు చెప్పుకుంటారు. అర్థం కుదిరితే తెలివి వాళ్లది, బెడిసికొడితే తప్పు నాది.

నా తొలి కాపురం విశాఖపట్నంలో ఒక పెద్ద నర్సింగ్ హోంలో. తల్లి పక్కకు ఒత్తిగిలి పట్టీ కాస్త జారితే చాలు, నా గీత తెగిపోయేది. బిడ్డకేదో అయిందని హడావిడిగా ఆపరేషను చేసేవాళ్లు. బిడ్డ కేరుమంటూ బయటికొచ్చేది. మెషిను కాపాడిందని దసరాకు నాకు బొట్టు పెట్టేవాళ్లు. నిక్షేపంలా ఉన్న బిడ్డను నేను కాపాడిందేమిటో నాకిప్పటికీ తెలియదు. కొత్త మెషిను రాగానే బొట్టుతో సహా నన్ను పార్వతీపురం వైపు ఒక చిన్న ఆసుపత్రికి అమ్మేశారు.

అక్కడికే తొలి కాన్పుకు గౌరమ్మ వచ్చింది, తల్లి అచ్చియ్యమ్మను వెంటబెట్టుకుని. పొద్దున్నుంచి బిడ్డ కదలడం లేదని గౌరమ్మ దిగులు. నర్సు పట్టీ కట్టింది. నా బిళ్లకు ఒక గుండె చప్పుడు దొరికింది. అది ఎవరిదో పోల్చుకునే తెలివి నాకు లేదు. దొరికింది దొరికినట్టు మోగించాను. తెర మీద అంకె చూసి, బిడ్డ బంగారంలా ఉందని నర్సు భరోసా ఇచ్చింది. అచ్చియ్యమ్మ నాకే దండం పెట్టింది.

గౌరమ్మ మాత్రం నమ్మలేదు.

"లోన కదల్నేదమ్మా. నాకు తెలుస్తంది కదా," అంది.

"మిసను అంత బాగా మోగతంది. అపశకునం మాటలాడకే," అని తల్లి కసిరింది.

నొప్పులు పెరిగాయి, వాటితో భయమూ పెరిగింది. నా చప్పుడు ఇంకా చురుకైంది. గౌరమ్మ ఎంత హడలిపోతే, నా కాగితం మీద బిడ్డ అంత హుషారుగా కనిపించింది.

మధ్యాహ్నం వచ్చిన డాక్టర్ శశిరేఖ నా కాగితం చూసింది, తర్వాత గౌరమ్మ ముఖం చూసింది. ఆమె మణికట్టు పట్టుకుని నా వైపు చెవి పెట్టింది. ఆ నాడి కొట్టుకోవడం, నేను మోగడం ఒక్కటిగా సాగుతున్నాయి. వెంటనే స్కానింగు పెట్టి చూసింది. బిడ్డ గుండె ఆగిపోయి ఉంది.

గౌరమ్మ ఆసుపత్రికి రాకముందే ఆగిందో, నేను మోగుతూ ఉండగానే ఆగిందో ఆవిడకూ తెలియలేదు, నాకూ తెలియదు. నేను అబద్ధం చెప్పలేదు, విన్నదే చెప్పాను. ఆ మాట ఇంతవరకూ నాకు ఊరటనివ్వలేదు.

డాక్టరు మంచం పక్కనే కూర్చుని, బిడ్డ ఇక లేదని ఇద్దరికీ చెప్పింది. నర్సు నన్ను ఆపేయబోయింది. అంతసేపూ నన్ను నమ్మని గౌరమ్మ అప్పుడు నా వైపు చెయ్యి చాచింది.

"ఆపేకండమ్మా. నా బిడ్డ సప్పుడు ఇంకొంచెంసేపు ఇననీండి."

డాక్టరు ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"అది నీ గుండె చప్పుడే, తల్లీ."

ఆ మాట ముందుగా అచ్చియ్యమ్మకు అర్థమైంది. నాకు దండం పెట్టిన చేతులతోనే కూతురి పొట్ట మీది పట్టీ విప్పింది.