పొయ్యి వంతు

ఆ రోజు మూడో తరగతి గదిలో పొయ్యి వెలిగించే వంతు మన్‌లింగ్‌ది. గది నడుమ ఇనప పొయ్యి, దాని రేకు గొట్టం కిటికీలోంచి బయటికి పోతుంది. పిల్లలు వచ్చేలోపు అది రాజుకోకపోతే ఉత్తర చైనాలోని ఆ హైలోంగ్‌జియాంగ్ చలికి వేళ్లు కొయ్యబారిపోతాయి. పోయినసారి మన్‌లింగ్ వెలిగిస్తే గది నిండా పొగే. "ఈసారీ ఇంతే అయితే నీ వంతు తీసేస్తాం, చీపురు పట్టుకుందువు గాని" అని క్లాసు లీడరు తేల్చిచెప్పింది. ఆ మాటకు మన్‌లింగ్‌కు తల కొట్టేసినట్టయింది. ఇక అదే క్లాసులోని షువాన్‌జు నోటికి అడ్డేముంది! "పొగమ్మా, పొగమ్మా" అంటూ ఇంటిదాకా వెంటపడ్డాడు, వాడి దుంప తెగ!

రాత్రంతా మంచు కురిసింది. మన్‌లింగ్ మోకాలి లోతు మంచులో కాళ్లు ఈడ్చుకుంటూ అందరికంటే ముందే బడికి చేరింది. అడుగున చితుకులు, వాటి మీద మొక్కజొన్న కండెలు, పైన బొగ్గు. అమ్మ నేర్పినట్టే పేర్చి అగ్గిపుల్ల గీసింది. మంట అంటుకుంది. సంతోషంతో గంతేసిందో లేదో, పొగ వెనక్కి తన్నింది.

"అయ్యో, మళ్లీనా!"

 గొట్టం మీద చెయ్యి వేసి చూసింది. చల్లగా ఉంది. అంటే పొగ బయటికి పోవడమే లేదన్నమాట. ఇనప చువ్వ పట్టుకుని బయటికి పరుగెత్తింది. గోడ వెంట మంచు కిటికీ దాకా పేరుకుని గొట్టం మూతిని కప్పేసింది. ఆ గుట్ట మీదికే ఎక్కింది, నడుం దాకా కూరుకుపోయింది.

అప్పుడే వచ్చాడు షువాన్‌జు. "ఏమే, మంచులో మొలిచావా?"

"నోరు మూసుకుని నన్ను పట్టుకోరా! లేకపోతే ఇవాళ అందరం గడ్డకట్టి చస్తాం!"

వాడు నవ్వుతూనే పాకుతూ వచ్చి ఆమె కోటు గట్టిగా పట్టుకున్నాడు. మన్‌లింగ్ చువ్వతో ఒక్క పోటు పొడిచింది. మంచు ముద్ద, దాని వెనకే మసి, ఇద్దరి మొహాల మీదా పడ్డాయి. ఆ వెంటనే గొట్టంలోంచి పొగ బుసబుసమంటూ పైకి లేచింది. ఒకరి మొహం ఒకరు చూసుకుని పడీపడీ నవ్వారు.

పిల్లలంతా చేరేసరికి పొయ్యి గుర్రుమంటోంది. దాని చుట్టూ తడి చేతి తొడుగులు ఆరుతున్నాయి, మూత మీద బంగాళాదుంప ముక్కలు కాలుతున్నాయి. ఫాంగ్ టీచరమ్మ వస్తూనే కోటు మీది మంచు దులుపుకుని చేతులు చాపింది.

"అబ్బ, ప్రాణం లేచొచ్చింది! ఎవరమ్మా వెలిగించింది?"

"మన్‌లింగే!" అన్నారందరూ. "దాని వంతు దానిదే, టీచర్" అంది లీడరు. మసి మొహంతోనే మన్‌లింగ్ ఉబ్బితబ్బిబ్బయింది. మొదటి పీరియడు లెక్కలకు బదులు దుంపలు తినడంతోనే గడిచిపోయింది.

ఆ సందట్లో షువాన్‌జు మెల్లగా పక్కకు చేరాడు. "రేపు నా వంతే. కాస్త పెందలాడే వస్తావా?"

"నేనెందుకు? నీకు బాగా వచ్చుగా!"

"ఎక్కడొచ్చు తల్లీ! ఇన్నాళ్లూ మా అక్క వచ్చి వెలిగించి పోయేది. ఈ మంచులో కాలు బయట పెట్టనంటోంది. ఎవరికీ చెప్పకే!"

మన్‌లింగ్‌కు నవ్వు ఆగలేదు. నోట్లోని దుంప బయటికి రాకుండా చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"వస్తాలే. కానీ పేర్చేదీ, ఊదేదీ నువ్వే. నేను పక్కన నిలబడి చెబుతా."

"నువ్వెలా అంటే అలాగే" అన్నాడు షువాన్‌జు.