ఎడమ వైపు నార్మల్

ఒక్క నిమిషం ఆగండి, చేతిలో పని పక్కన పెట్టి ఇది వినండి. నిన్న ఎమ్మెస్ సర్జరీ రిజల్ట్ వచ్చింది, నేను పాసయ్యాను, అందులో సగం మార్కులు మా నాన్నవి. ఈ సంగతి ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు అన్నం దిగేలా లేదు.

ఆరు నెలల క్రితం ఇదే పరీక్ష తప్పాను. థియరీ కాదు, ప్రాక్టికల్. చేతులు బాగానే కదిలాయి, నోరే కదల్లేదు. రోగిని చూసి ఏం కనిపించిందో వరసగా చెప్పమంటే రెండు ముక్కలు చెప్పి ఆగిపోయాను. మళ్ళీ తప్పితే మా డిపార్ట్‌మెంట్‌లో ఖాళీగా ఉన్న ఒకే ఒక్క సీనియర్ రెసిడెంట్ పోస్టు ఇంకొకరికి వెళ్ళిపోతుంది.

మా నాన్న చిన్నారావు గూడ్స్ బండి లోకో పైలట్. పలాస నుంచి వచ్చి రాయ్‌పూర్ రైల్వే కాలనీలో స్థిరపడ్డారు. పరీక్ష తప్పిన రోజు నేను ముసుగేసుకుని పడుకుంటే ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఇంజన్లో నేనూ అసిస్టెంటూ ఏటి సేస్తామో తెలుసా, అమ్మీ?"

"బండి నడుపుతారు."

"సిగ్నల్ సూసి, ఏలు సూపించి, గట్టిగా అంటాం. పచ్చ సూసి నేను 'హరా' అంటే ఆడు కూడా తన కళ్ళతో సూసి 'హరా' అనాల. ముప్పై ఏళ్ళుగా అదే రూటు, అయినా అనాల్సిందే. సూడందే మాత్రం అనకూడదు."

మర్నాటి నుంచి హాల్లో దివాన్ మీద అమ్మ రోగి. నేను చూసి, వేలు చూపించి, గట్టిగా చెప్పాలి. నాన్న కూడా చూసి తిరిగి చెప్పాలి.

"పొట్ట మెత్తగా ఉంది," అన్నాను.

"పొట్ట మెత్తగా ఉంది," అన్నారు నాన్న.

"జల్దీ కానియ్యండి, కుక్కర్ పెట్టాల," అంది అమ్మ. "నా పొట్ట మీద మీ మాల్‌గాడీ ఎంతసేపు నడుపుతారు?"

"పేషెంట్ మాట్లాడకూడదు, పైడమ్మా," అన్నారు నాన్న.

"అసలు పేషెంట్లు నోరు మూసుకుంటారేటి? మీకు భోజనం వద్దంటే సెప్పండి, ఇలాగే పడుంటాను."

పరీక్షలో నాకు వచ్చిన రోగి పేరు పరదేశి. మందిర్ హసౌద్ దగ్గర ఇటుకల బట్టీలో పని, కుడి గజ్జలో హెర్నియా. నన్ను 'నోనీ', అంటే అమ్మాయీ అని పిలుస్తూ బట్టీ కథంతా చెప్పాడు. కుడి వైపు చూసి, అతని కథ వినేసరికి టైమైపోయిందని గంట కొట్టేశారు. హడావిడిగా కేసు షీటు పూర్తిచేసి ఎగ్జామినర్ల ముందు నిలబడ్డాను.

ఈసారి గొంతు పలికింది. కాగితం మీద వేలు పెట్టి ఒక్కో లైనూ గట్టిగా చెప్పుకుంటూ పోతున్నాను. పెద్ద ఎగ్జామినర్ తల ఊపుతున్నారు. అప్పుడు నా వేలు 'ఎడమ వైపు నార్మల్' దగ్గర ఆగిపోయింది.

ఎడమ వైపు నేను చూడనే లేదు. మూడేళ్ళుగా వార్డులో రాసి రాసి, చెయ్యి తనంతట తనే రాసేసింది.

"ఆగిపోయారేం?" అన్నారాయన.

"సర్, ఇది నేను చూడలేదు. అలవాటుగా రాసేశాను."

"మీది రెండో అటెంప్ట్ కదా?"

"అవును సర్."

"తెలిసే చెప్తున్నారా?"

"తెలిసే సర్."

ఆయన మార్కుల కాగితం మీద ఏదో కొట్టేశారు. ఆ గీత నాకు స్పష్టంగా కనిపించింది. తర్వాత పెన్నుతోనే మంచం చూపించి, "జాయియే, దేఖియే," అని వెళ్ళి చూడమన్నారు.

పరదేశిని నిలబెట్టి, ఎడమ గజ్జ మీద వేళ్ళు పెట్టి దగ్గమన్నాను. వేలికి చిన్న తాకిడి తగిలింది. "ఎడమ వైపు కూడా ఉంది," అని గట్టిగా చెప్పి, ఇంట్లో అలవాటు కొద్దీ ఎవరో తిరిగి చెప్తారని ఆగాను. రెండో ఎగ్జామినర్ లేచి వచ్చి, తనూ చెయ్యి పెట్టి చూసి, "ఎడమ వైపు కూడా ఉంది," అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. నాన్న అక్కడే ఉన్నట్టు అనిపించింది.

పోయిన వారం పరదేశికి రెండు వైపులా ఆపరేషన్ చేశారు, నేను అసిస్ట్ చేశాను. నిన్న బొటాబొటీ మార్కులతో పాసయ్యాను. ఫోన్ చేస్తే నాన్న, "సూసి అన్నావు కదా, బస్, అది సాలు," అన్నారు. వెనక నుంచి అమ్మ, "నా పొట్టకి మిఠాయి ఏదీ?" అని అరిచింది. పోస్టు సంగతి సోమవారం తేలుతుంది.

నా జూనియర్ నవ్య మాత్రం ఒప్పుకోవడం లేదు. "గడగడా చదివేస్తే ఎవరికి తెలిసేదక్కా, ఆ మార్కులైనా మిగిలేవి," అంటోంది. నిజమే, మిగిలేవి. రెండో అటెంప్ట్‌లో, ఎదురుగా పెన్ను పట్టుకుని ఎగ్జామినర్ కూర్చుని ఉండగా, మీ వేలు ఆ లైను మీద ఆగితే మీరేం చేస్తారు?