మూడో నంబరు గ్లాసుకి తొంభై రెండు మార్కులు

హలో... హలో, వినపడుతోందా అందరికీ? ఆ, వినపడుతోందా, సరే. బాగున్నారా? పొయ్యి మీద ఏదైనా పెట్టుంటే ఓసారి చూసొచ్చి కూర్చోండి, నేను లైన్లోనే ఉంటాను. ఇద్దరు తోడల్లుళ్ళ కథ ఇది. బీరు కథే గానీ, తాగనివాళ్ళు కూడా వినొచ్చు. ఇందులో తాగిందాని కన్నా వాగిందే ఎక్కువ.

చిన్నల్లుడు పళ్ళ సెట్లు చేసే ల్యాబులో పని చేస్తాడు. పద్దెనిమిదేళ్ళుగా అదే బల్ల, అదే కుర్చీ. డాక్టర్లు నోటి కొలతలు తీసి పంపిస్తే, ఈయన అచ్చు పోసి, మైనం పెట్టి, ఒక్కో పన్నూ అమర్చి, అరగదీసి, నిగనిగలాడేలా చేసి పంపిస్తాడు. ఈయన చేసిన పళ్ళతో ఎంతమంది నవ్వుతున్నారో లెక్కలేదు గానీ, ఈయన మాత్రం నవ్వడం తక్కువ.

అలాంటి మనిషికి రెండేళ్ళ కిందట బీరు పిచ్చి పట్టింది. తాగే పిచ్చి కాదండోయ్, చేసే పిచ్చి. క్రాఫ్ట్ బీరంటారే, పెద్ద ఫ్యాక్టరీలో కాకుండా చిన్న భట్టీలో కాసింత కాసింతగా చేస్తారు, అది. ఇంట్లో రెండో బాత్రూంలో ఇరవై లీటర్ల డ్రమ్ము పెట్టి మొదలెట్టాడు. దాంతో ఇంటిల్లిపాదికీ ఒక్క బాత్రూమే మిగిలింది. పొద్దున్నే తలుపు ముందు తువ్వాళ్ళు పట్టుకుని క్యూ. అత్తగారు కూడా వాళ్ళింట్లోనే ఉంటుంది, ఆవిడా క్యూలోనే.

ఇప్పుడసలు విషయం. ఊరి చివర చిన్న భట్టీ నడిపే ఒకాయన ఈయన పనితనం గురించి విని, "ల్యాబు మానేసి నా దగ్గరికి వచ్చెయ్యి, నీ బీరు నీ చేత్తోనే చేద్దువు గాని. సోమవారం కల్లా ఏ సంగతో చెప్పు" అన్నాడు. చిన్నల్లుడు ఆ రాత్రే రాజీనామా ఉత్తరం రాసుకున్నాడు. సంతకం ఒక్కటే తక్కువ.

వాళ్ళావిడ లైబ్రరీలో పని చేస్తుంది. ఏ పుస్తకం ఏ అరలో ఉండాలో అక్కడే ఉండాలనే మనిషి. ఆవిడ ఉత్తరం చదివి మడత పెట్టింది.

"కాకిపిల్ల కాకికి ముద్దండీ. మీ బీరు మీకు అమృతమే. నలుగురు ఏమంటారో చూద్దాం" అంది.

"ఎలా చూస్తాం?"

"నాలుగు రకాలు బయట కొందాం. అయిదోది మీది. ఏ గ్లాసులో ఏదుందో నాకు తప్ప ఎవరికీ తెలీకూడదు. మార్కుల్లో మీది మొదటి రెండింట్లో వస్తే సంతకం పెట్టెయ్యండి, నేను అడ్డు రాను. రాకపోతే ల్యాబుకి వెళ్ళండి, ఆ డ్రమ్ము ఇంట్లోంచి వెళ్ళాలి."

"మాటంటే మాటేనా?"

"నేనెప్పుడన్నా మాట తప్పానా?"

లేదు. అదే ఆవిడతో వచ్చిన చిక్కు.

ఆదివారం సాయంత్రం ముహూర్తం పెట్టుకున్నారు. జడ్జీలు ముగ్గురు. మొదటాయన పెద్దల్లుడు, ఇన్సూరెన్సు ఆఫీసులో ఆఫీసరు. ఆన్‌లైన్లో మూడ్రోజులు బీరు క్లాసు విని సర్టిఫికెట్టు తెచ్చుకున్నాడు. హాల్లో పెళ్ళి ఫోటో తీసేసి ఆ మేకుకే దాన్ని తగిలించాడు. అప్పట్నించీ మంచినీళ్ళు తాగినా ముందు గ్లాసు తిప్పి, వాసన చూసి గానీ తాగడు. రెండోది ఆయన భార్య, అంటే మనవాడికి వదినగారు. మూడోది కింద వాటాలో ఉండే రిటైరైన డ్రిల్లు మాస్టారు. ఆయనకి బీరు గురించి ఏమీ తెలీదు. ఆ ముక్క ఆయనే ముందు చెప్పేశాడు కాబట్టి జడ్జీగా పెట్టారు.

పొద్దున్నుంచీ చిన్నల్లుడి కాలు ఒకచోట నిలవలేదు. పదిహేను గ్లాసులు కడగాలి. సబ్బు తగిలితే బీరు నురగ నిలబడదని ఎక్కడో చదివాడు. మరి సబ్బు లేకుండా తళతళలాడేలా కడగడం ఎలా? పద్దెనిమిదేళ్ళ అనుభవం ఊరికే పోతుందా! పళ్ళ సెట్లు నానబెట్టే బిళ్ళలు ల్యాబునుంచి తెచ్చినవి డబ్బాడున్నాయి. నీళ్ళలో వేస్తే బుసబుసమని పొంగి, ఎంత మొండి మరకైనా వదిలిపోతుంది. బకెట్లో ఆరు బిళ్ళలేసి గ్లాసులన్నీ ముంచాడు. గంట తర్వాత తీసి, ఒక్కసారి తొలిచి బోర్లించాడు. ఎక్కువ తొలిస్తే కుళాయి నీళ్ళ చారలు పడతాయని భయం. గ్లాసులు అద్దాల్లా మెరిసిపోయాయి.

ఆ బిళ్ళలకి ఘాటుగా పుదీనా వాసన. కానీ పద్దెనిమిదేళ్ళుగా అందులోనే బతుకుతున్న ముక్కుకి అదేం తెలుస్తుంది? ఆయన చొక్కాలన్నీ అదే వాసన, ఆ చొక్కాలు ఉతికే ఇల్లాలి ముక్కుకీ అలవాటైపోయింది.

నాలుగింటికి అందరూ వచ్చారు. బల్ల మీద తెల్లగుడ్డ, బ్రెడ్డు ముక్కలు, వేయించిన వేరుశనగలు. వాళ్ళావిడ వంటింట్లో పోసి, నంబర్లేసిన గ్లాసులు ఒక్కో వరసా తెచ్చి పెట్టింది. ఏ నంబరు ఏదో లైబ్రరీ కార్డు మీద రాసి జాకెట్లో దోపుకుంది.

పెద్దల్లుడు మొదటి గ్లాసు వెలుతురుకి పట్టి, తిప్పి, ముక్కు మొత్తం గ్లాసులోకి దూర్చాడు.

"తమ్ముడూ, ఇందులో మంచు కొండల మీది గాలి ఉంది" అన్నాడు.

"బీరులోకి కొండెలా వచ్చిందండీ?" అన్నాడు డ్రిల్లు మాస్టారు.

"మీరు తాగండి మాస్టారూ, మాట్లాడకండి."

మాస్టారు ఒక్క గుక్కలో తాగి, "ఇది అటెన్షన్లో ఉంది" అని డెబ్బై వేశాడు.

రెండో దాంట్లో పెద్దల్లుడికి నీలగిరి చెట్లు కనపడ్డాయి. మూడోది నోట్లో పోసుకుని కళ్ళు మూసుకున్నాడు. చిన్నల్లుడు వంటింటి గుమ్మంలో నిలబడి చేతిగుడ్డ నలిపేస్తున్నాడు.

"అబ్బ! పుదీనా తోట తమ్ముడూ! తెల్లారగట్ల మంచులో తడిసిన పుదీనా తోట! నాలుక మీద చల్లగా నడిచెళ్ళిపోయింది. వీడెవడో గానీ మహానుభావుడు!" అని తొంభై రెండు వేశాడు.

వదినగారు మొగుడి కాగితంలోకి తొంగి చూసి తొంభై ఒకటి వేసింది. పెళ్ళయినప్పట్నించీ ఆవిడ ఆయన కన్నా ఒక్క మెట్టు తక్కువలో ఉంటుంది, గొడవ ఉండదని.

నాలుగోది వాన పడ్డ గడ్డి, అయిదోది పచ్చకర్పూరం. కాగితాలు కూడితే మూడో నంబరు మొదటి స్థానం. వాళ్ళావిడ కార్డు తీసి, ఒకటికి రెండు సార్లు చూసుకుంది.

"మూడు... మన ఇంటిది."

చిన్నల్లుడు గుమ్మంలోంచి ఒక్క గెంతున బల్ల దగ్గరికొచ్చాడు. పెద్దల్లుడు లేచి కౌగిలించుకున్నాడు. "నేను చెప్పలా? ముక్కుతోనే పట్టేశా!" నిజానికి ఎవడు చేశాడో ఆయన చెప్పలేదు, మహానుభావుడన్నాడంతే. కానీ ఆ గోలలో ఎవరడుగుతారు? చిన్నల్లుడు ఉత్తరం తెచ్చి బల్ల మీద పరిచి, కలం మూత తీశాడు.

అప్పుడొచ్చింది అత్తగారు, ఖాళీ గ్లాసులు ఎత్తడానికి. ఆవిడ జన్మలో బీరు ముట్టలేదు. నాలుగు గ్లాసులు ఒకదాంట్లో ఒకటి పెట్టి మొహం దగ్గరగా పట్టుకుని, ఠక్కున ఆగిపోయింది.

"చిన్నల్లుడుగారూ, ఇదేంటి బాబూ, నా పళ్ళ గిన్నె వాసనొస్తోందే?"

"ఏ గిన్నె అత్తయ్యగారూ?"

"రాత్రిళ్ళు నా పళ్ళు నానబెట్టుకుంటాగా, మీరే తెచ్చిచ్చిన బిళ్ళతో. అచ్చం అదే. ఇందులోనూ అదే, ఇదిగో, ఇందులోనూ..."

వదినగారు ఒక గ్లాసు వాసన చూసింది. మాస్టారు చూశాడు. "మంచు కొండ" అన్నాడు ఒక గ్లాసెత్తి. "నీలగిరి" అన్నాడు ఇంకోటెత్తి. "పచ్చకర్పూరం... సార్, ఇవన్నీ పెద్దమ్మగారి పళ్ళ గిన్నెలే!"

పెద్దల్లుడు తేలు కుట్టిన దొంగలా అయిపోయినా, గొంతు మాత్రం తగ్గించలేదు. "చూడండి, పుదీనా ఉందన్నాను. ఉందా లేదా? ఉంది. అది బీరులోంచి వచ్చిందో గ్లాసులోంచి వచ్చిందో నాకెందుకు? నా పని కనిపెట్టడం!"

"మరి మిగతా నాలుగింటికీ పుదీనా అని రాయలేదేం?" అని అడిగింది వదినగారు. మొదటిసారి ఆవిడ కాగితంలోంచి తలెత్తింది.

"పోనివ్వు తమ్ముడూ, అన్ని గ్లాసులకీ ఒకటే వాసన కదా, పోటీ సమానమే. ఫలితం ఫలితమే. సంతకం పెట్టెయ్" అన్నాడు పెద్దల్లుడు.

చిన్నల్లుడు భార్య వైపు చూశాడు. ఆవిడ మొహంలో నవ్వూ లేదు, కోపమూ లేదు.

"మొదట వచ్చింది. నేను మాటిచ్చాను. మీ ఇష్టం" అంది.

పెడితే అయిపోయేది. కలం చేతిలోనే ఉంది. కానీ ఆ మనిషి పద్దెనిమిదేళ్ళు చేసిన పనేంటండీ? సెట్టు అచ్చు మీద బ్రహ్మాండంగా కూర్చుంటుంది. నోట్లో పెట్టాక చిగుళ్ళకి ఒరుసుకుంటుంది. అచ్చు మీద కూర్చుంది కదా అని పంపించేసేవాడు ఆ ల్యాబులో నెల్లాళ్ళు నిలవడు.

కలం మూత పెట్టి, పదిహేను గ్లాసులూ సింకులో వేసి వేణ్ణీళ్ళతో మూడు సార్లు తొలిచాడు. "నంబర్లు మార్చి మళ్ళీ పోసి తీసుకురా" అన్నాడు భార్యతో.

రెండో విడత మొదలైంది. ఇప్పుడు జడ్జీలు కుడితిలో పడ్డ ఎలుకల్లా ఉన్నారు. పెద్దల్లుడు గ్లాసు తిప్పడం మానేశాడు. వాసన చూడ్డానికి ముక్కు దగ్గరికి పెట్టి, అత్తగారు చూస్తోందేమోనని వెనక్కి తీసేశాడు. అయిదింటికీ "బాగుంది" అని రాసి, అయిదింటికీ డెబ్బై వేశాడు. వదినగారు ఒక్కో మార్కు తగ్గించి అరవై తొమ్మిది.

"మాస్టారూ, మీరైనా చెప్పండి" అంది వాళ్ళావిడ.

"అన్నీ స్టాండెటీజ్‌లో ఉన్నాయమ్మా. నన్నొదిలెయ్యండి, మోకాళ్ళ నొప్పులు."

కూడితే అయిదూ సమానం. ఇంకేం చేస్తారు? చిన్నల్లుడే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వాళ్ళావిడ ఇంకోసారి నంబర్లు మార్చి పోసింది.

ఒకటోది చేదు సరిగ్గా ఉంది, గొంతులో ఆగలేదు. రెండోది నోట్లో పోసుకుని మొహం చిట్లించాడు. కాస్త బ్రెడ్డు నమిలి మళ్ళీ రుచి చూశాడు.

"ఇది పుల్లబారింది. వెనకాల ఆరని గుడ్డ వాసనుంది. ఎవడు చేశాడో గానీ డ్రమ్ము మూత సరిగ్గా బిగించలేదు. పైగా ఆత్రం. ఇంకో పదిరోజులు ఆగాల్సింది, ముందే సీసాలకెత్తేశాడు."

"నేను మొదట్నించీ అదే అనుకుంటున్నా తమ్ముడూ! రెండోది దారుణం. దీన్ని మనుషులు తాగుతారా?" అన్నాడు పెద్దల్లుడు, పోయిన ప్రాణం లేచొచ్చినట్టు.

వాళ్ళావిడ కార్డు బయటికి తియ్యలేదు. మొగుడి మొహంలోకి చూసింది, అంతే. ఆయనకి అర్థమైపోయింది.

"మనదేనా?"

"మనదే."

"అంటే... దారుణమంటే... దాంట్లో కూడా ఒక లోతుంది తమ్ముడూ..." అంటూ పెద్దల్లుడు చెప్పులు వెతుక్కున్నాడు. వదినగారు ఆయన కన్నా ముందే గుమ్మం దిగింది. ఈసారి ఒక మెట్టు తక్కువలో లేదు.

అందరూ వెళ్ళాక చిన్నల్లుడు భట్టీ ఆయనకి ఫోన్ చేశాడు. "నేనిప్పుడు రాలేనండీ. నా సరుకు బాలేదు."

అవతలాయన పకపకా నవ్వాడు. "ఓస్ అదా! ఇక్కడెవడికి తెలుస్తుందయ్యా తేడా? సీసా మీద కాగితం అందంగా ఉంటే చాలు, ఏం రాస్తే అదే వాసనొస్తుంది జనానికి. నువ్వొచ్చెయ్!"

"నాకు తెలుస్తుంది కదండీ" అని ఫోన్ పెట్టేశాడు.

ఉత్తరం మడిచి అల్మారాలో పెట్టాడు. రెండో బాత్రూంలోకెళ్ళి డ్రమ్ము ఒంచబోతే బరువుకి నడుం పట్టేసింది. వెనకనుంచి వాళ్ళావిడొచ్చి రెండో పక్క పట్టుకుంది. ఇద్దరూ కలిసి సీసాలకెత్తగా మిగిలిందంతా పారబోశారు. కాలవలో నురగ మాత్రం భలే నిలబడింది.

ఖాళీ డ్రమ్ము తీసుకెళ్ళి వీధి గుమ్మం బయట పెట్టాడు. మాట మాటే కదా.

వాళ్ళావిడ దానివైపు చూసి అంది: "ఓడిపోయానని చెప్పడానికి మీకొక్కరికే నోరొచ్చింది ఇవాళ. లోపలికి తెండి. బాత్రూంలోకి కాదు, బాల్కనీలోకి. అమ్మ స్నానానికి అడ్డం రాకూడదు."

సోమవారం ఏడున్నరకి ఆయన ల్యాబులో బల్ల ముందున్నాడు. ఎవరిదో కింది వరస పళ్ళ సెట్టు, ఎడమ పక్క కొంచెం ఎత్తుగా ఉందని వెనక్కొచ్చింది. ఆకురాయి తీసుకుని రుద్దడం మొదలెట్టాడు.

అంతేనండీ. మీ చుట్టాల్లో గ్లాసు తిప్పే పెద్దల్లుడెవరైనా ఉంటే ఈ కథ ఆయనకి పంపండి, మీ పేరు పెట్టకుండా పంపినా సరే. కానీ తన పనిలో తప్పు తనే పట్టుకుని డీలాపడ్డ మనిషి ఎవరైనా తెలిస్తే, ముందు వాళ్ళకి పంపండి. ఉంటానండీ మరి.